నిప్పురవ్వకు వేసిన కళ్లెం: జర్మనీలో రెసిస్టర్ స్పార్క్ ప్లగ్ కథ

మోటారు బండి, రేడియో తరంగం జర్మనీలో ఇరుగుపొరుగు ఊళ్లలో, దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి 1886 జనవరి 29న మాన్‌హైమ్‌లో పేటెంటు కోరగా, అక్కడికి దక్షిణాన కార్ల్స్‌రూహెలో, బెంజ్ చదువుకున్న సాంకేతిక విద్యాలయంలోనే, హైన్‌రిష్ హెర్ట్జ్ ఆ ఏడాది విద్యుత్ రవ్వలపై ప్రయోగాలు ప్రారంభించి, 1888 నాటికి విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని నిరూపించాడు. హెర్ట్జ్ పరికరంలో ఉన్నవి రెండు లోహపు కొనల మధ్య చిన్న ఖాళీ, ఆ ఖాళీని దాటే అధిక వోల్టేజీ రవ్వ, దానికి అటూ ఇటూ చాచిన తీగలు మాత్రమే. ఇంజనుకు బిగించిన స్పార్క్ ప్లగ్‌లోనూ, దానికి కరెంటు తెచ్చే వైరులోనూ ఉన్నవి సరిగ్గా ఇవే కాబట్టి, ప్రతి పెట్రోలు బండీ ఎవరూ కోరకుండానే ఒక రేడియో ప్రసార యంత్రమైంది. రెసిస్టర్ ఉన్న ప్లగ్ వాడాలా, లేనిది వాడాలా అన్న ప్రశ్నకు మూలం ఇంజనులో కాదు, ఈ తరంగాలలో ఉంది.

స్టుట్‌గార్ట్‌లోని రాబర్ట్ బాష్ కర్మాగారం మొదట తయారుచేసిన మాగ్నెటో, అంటే బ్యాటరీ అవసరం లేకుండా అయస్కాంతం సాయంతో విద్యుత్తును పుట్టించే యంత్రం, తక్కువ వోల్టేజీతో పనిచేసేది. సిలిండరు లోపల తాకి ఉన్న రెండు మొనలను మీటలతో విడదీస్తే తప్ప రవ్వ వచ్చేది కాదు. అక్కడి ఇంజనీరు గోట్లోబ్ హోనోల్డ్ ఆ మీటల అవసరం లేని అధిక వోల్టేజీ మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్‌ను రూపొందించగా, వాటికి 1902 జనవరిలో పేటెంటు దక్కింది. ఇంజన్ల వేగం పెరగడానికి దారి తెరిచిన ఈ ఆవిష్కరణ వేల వోల్టుల రవ్వను వీధిలోకి తెచ్చింది కూడా. అయితే చుట్టుపక్కల రేడియోలు లేనంత కాలం అది ఎవరికీ ఇబ్బంది కాలేదు.

1932లో బ్లౌపుంక్ట్ పేరుతో ఐరోపాలో తొలి కారు రేడియో వెలువడింది. దాదాపు 15 కిలోల బరువుండి, 365 మార్కుల ధర పలికిన ఆ పెట్టెను తయారుచేసిన బెర్లిన్ సంస్థను మరుసటి ఏడాది బాష్ కొనుగోలు చేయడంతో, రవ్వను పుట్టించే బాధ్యత, ఆ రవ్వ చేసే గరగర శబ్దాన్ని అణచే బాధ్యత ఒకే యజమాని మీద పడ్డాయి. యుద్ధానంతరం సమస్య మరింత పెరిగింది. 1948 నాటి కోపెన్‌హాగన్ ఒప్పందంలో మధ్యతరంగ పౌనఃపున్యాలను చాలావరకు పోగొట్టుకున్న జర్మనీ 1949 నుంచి ఎఫ్ఎం ప్రసారాలకు మళ్లింది. 1952 డిసెంబరులో పశ్చిమ జర్మనీలో క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. ఇంజను రవ్వ వెదజల్లే తరంగాలు ఈ ప్రసారాలు వాడే పౌనఃపున్యాలలోకీ వ్యాపిస్తాయి కనుక, వీధిలో మోటారు సైకిలు వెళ్తే ఇంట్లోని టెలివిజన్ తెరపై గీతలు పడేవి. పెట్రోలు ఇంజన్ల రేడియో అలజడికి ఐరోపా ఆర్థిక సమాజం 1972లో ఉమ్మడి నిబంధనలు విధించింది.

రెసిస్టర్ ఈ అలజడిని ఎలా అణుస్తుందో గమనించదగినది. రవ్వ దూకేముందు ప్లగ్, దాని వైరు ఒక చిన్న కెపాసిటర్ వలె పది, ఇరవై వేల వోల్టుల దాకా విద్యుదావేశాన్ని నింపుకుంటాయి; ఖాళీలోని వాయువు వాహకంగా మారిన క్షణంలో ఆ ఆవేశమంతా సెకనులో కొన్ని వందకోట్ల వంతుల కాలంలోనే పదుల ఆంపియర్ల ప్రవాహమై దూకి, ఊగిసలాడి, తరంగాలను విడుదల చేస్తుంది. పింగాణీ లోపల, మధ్య కడ్డీ దారిలో గాజు, కర్బనం కలిపి కరిగించి అమర్చిన సుమారు 5 వేల ఓముల నిరోధకం ఆ దూకుడును పట్టి ఉంచి, ఊగిసలాటను చల్లారుస్తుంది. దానివల్ల ఎలక్ట్రోడ్ల అరుగుదల కూడా తగ్గుతుంది.

నిరోధకం రవ్వను బలహీనపరుస్తుందన్న నమ్మకం మెకానిక్కులలో ఇప్పటికీ ఉన్నా, లెక్క దానిని బలపరచదు. రవ్వ దూకకముందు నిరోధకం గుండా చెప్పుకోదగ్గ ప్రవాహమే ఉండదు కాబట్టి అక్కడ వోల్టేజీ నష్టం నామమాత్రం. దూకిన తర్వాత ఒకటి, రెండు మిల్లీసెకన్లు సాగే ప్రవాహం 50 మిల్లీ ఆంపియర్లనుకుంటే, 5 వేల ఓముల మీద పోయేది 250 వోల్టులు. కాయిల్‌లో శక్తి సమృద్ధిగా ఉన్న నేటి ఇంజన్లకు ఇది పెద్ద నష్టం కాదు. పైగా ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న బండిలో రెసిస్టర్ లేని ప్లగ్ పెడితే, ఆ అలజడి సెన్సార్ల సంకేతాలలో కలిసి ఇంజను తడబడే ప్రమాదం ఉంది. అటువంటి బండికి రెసిస్టర్ ప్లగ్ తప్ప మరొకటి సరికాదు.

పాత మాగ్నెటో ఇంజన్ల విషయం వేరు. కిక్ కొట్టే వేగంలో వాటి మాగ్నెటో ఇచ్చే శక్తి స్వల్పం, పైగా చాలా బండ్లలో ప్లగ్ క్యాప్‌లోనే 5 వేల ఓముల నిరోధకం ముందే ఉంటుంది. దానికి రెసిస్టర్ ప్లగ్, కర్బనపు వైరు కూడా తోడైతే నిరోధకాలన్నీ వరుసగా కలిసిపోయి రవ్వ నిజంగానే క్షీణించవచ్చు. అందువల్ల వాటికి క్యాప్‌లో గానీ ప్లగ్‌లో గానీ ఒకచోట నిరోధకం ఉంటే చాలు. రెండుచోట్లా తీసివేయడం మాత్రం ఇరుగుపొరుగు రేడియోలకు చేసే అన్యాయమే. బాష్ పద్ధతిలో డబ్ల్యూ7డీసీ అన్నది రెసిస్టర్ లేని ప్లగ్ కాగా, ఆర్ అక్షరం చేరిన డబ్ల్యూఆర్7డీసీ రెసిస్టర్ ఉన్నది. గుర్తు చెరిగిపోతే, ప్లగ్ పై కొనకూ మధ్య ఎలక్ట్రోడుకూ మీటరు తగిలిస్తే తేడా తెలుస్తుంది: రెసిస్టర్ లేనిది సున్నాకు దగ్గరగా, ఉన్నది కొన్ని వేల ఓములు చూపుతుంది. పాతబడిన ప్లగ్‌లో ఆ అంకె పదుల వేలకు చేరిందంటే నిరోధకం దెబ్బతిన్నదని అర్థం. అప్పుడు దాని స్థానంలో అదే గుర్తు గల కొత్త ప్లగ్ బిగించాలి.