ఆలస్యాన్ని దాచే విద్య

గురి చూసి కాల్చారు. తూటా తగిలింది కూడా. తీరా చూస్తే ఎదుటివాడు దర్జాగా నడిచి వెళ్లిపోతున్నాడు! ఆన్‌లైన్ ఆటలాడే పిల్లలున్న ఇంట్లో 'ల్యాగ్' అనే విసుగు రోజుకోసారైనా వినపడుతుంది. కబురు నెట్‌లో ప్రయాణించి రావడానికి పట్టే ఆ జాప్యాన్ని ఆటగాడి కంట పడకుండా దాచడమే మల్టీప్లేయర్ ఆట తయారుచేసేవాళ్లకు పెద్ద పరీక్ష. బొమ్మలూ బాంబుల మోతలూ ఆ తర్వాతే.

మరి ఈ విద్య నేర్పేదెవరు? గేమింగ్ కోర్సుల ఫీజులేమో లక్షల్లో ఉంటున్నాయి. విచిత్రమేంటంటే, ఈ రంగంలో ఆరితేరినవాళ్లు తమ గుట్టంతా ఎప్పుడో పైసా తీసుకోకుండా బయటపెట్టేశారు.

1997లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్'నే తీసుకోండి. ఎనిమిదిమంది కలిసి ఆడే యుద్ధం. వందలకొద్దీ సైనికులు. ఉన్నదేమో ఫోను తీగ మీద నడిచే 28.8 కిలోబిట్ల మోడెమ్. అంతమంది ఎక్కడున్నారో క్షణక్షణం పంపడం దానివల్ల అయ్యేపనేనా? అందుకే ఆటగాడి ఆజ్ఞను మాత్రమే పంపించారు. రవ్వంత ఆగి, అన్ని కంప్యూటర్లూ ఒకేసారి దాన్ని అమలుచేస్తాయి. లెక్క ఒకటే కాబట్టి అందరి తెరమీదా ఒకటే యుద్ధం. చిక్కల్లా ఎక్కడంటే... ఒక కంప్యూటర్లో జింక కాస్త పక్కకు నిలబడిందనుకోండి. కొన్ని నిమిషాలకు వేటగాడి ఈటె గురితప్పుతుంది, మాంసం ఇంటికి రాదు. ఆపైన ఎవరి తెరమీద కథ వాళ్లదే! పాల్ బెట్నర్, మార్క్ టెరానోలు ఈ జింక గొడవతో సహా అన్నీ 2001లో '1500 ఆర్చర్స్ ఆన్ ఎ 28.8' అనే వ్యాసంలో రాసేశారు. పాఠంలా కాదు, కథలా చదివిస్తుంది.

కాల్పుల ఆటల్లో అలా ఆగితే కుదరదు. అందుకే 1996లో జాన్ కార్మాక్ 'క్వేక్‌వరల్డ్'లో ఇంకో దారి పట్టాడు. మీట నొక్కగానే సర్వర్ జవాబు కోసం చూడకుండా మీ కంప్యూటరే బొమ్మను కదిలించేస్తుంది. తేడా వస్తే తర్వాత సర్వర్ సరిదిద్దుతుంది. 'క్వేక్' సోర్స్‌కోడ్‌ను 1999లో అందరికీ ఇచ్చేశారు. వాల్వ్ సంస్థ ఇంజినీరు యాన్ బెర్నియర్ 2001 నాటి పత్రంలో మరో కిటుకు ఉంది. కాల్చిన క్షణంలో మీకేం కనిపించిందో అక్కడిదాకా సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి చూస్తుంది. 'గోడ చాటుకి వెళ్లిపోయాక కూడా చచ్చానేంటి?' అని మీవాడు గింజుకుంటే కారణం తరచూ ఇదే. అవతలివాడికి న్యాయం చేయబోతే ఇవతలివాడికి అన్యాయం!

కొత్తవాళ్లకు ఇవి కాస్త బరువే. ముందుగా గేబ్రియల్ గాంబెట్టా వ్యాసాలు చదవడం మేలు. జాప్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ బ్రౌజర్లోనే ఆడించి చూసుకోవచ్చు. తర్వాత గ్లెన్ ఫీడ్లర్ రాసిన 'గాఫర్ ఆన్ గేమ్స్'. అన్నీ ఇంగ్లిషులోనే, వెక్టర్ల లెక్కలూ కొంత రావాలి. చేసి చూడ్డానికి 'గోడో' ఇంజిన్ ఉచితం.

చాలామంది తడబడేది తొలి అడుగులోనే. ఏకంగా వేలమంది ఆడే ప్రపంచాన్ని కట్టాలనుకుంటారు. దానికంటే ఇద్దరాడే పులి-మేక నయం. వంతులవారీ ఆట కాబట్టి జాప్యం బాధించదు. ఎత్తు చెల్లుతుందో లేదో సర్వరే తేల్చాలి, ఆటగాడి కంప్యూటర్ మాట నమ్మకూడదన్న మొదటి సూత్రం మాత్రం వంటబడుతుంది. తర్వాత బంతాట. అది ఒకే గదిలోని రెండు కంప్యూటర్ల మధ్య బ్రహ్మాండంగా ఆడుతుంది. కావాలనే 200 మిల్లీసెకన్ల జాప్యం కలిపి అప్పుడు ఆడించాలి. బంతి ఎగిరెగిరి పడుతుంటే, ఆ జింక కథ మళ్లీ తీసి చదవాల్సింది అప్పుడే.