కట్టను కొలిచే కన్ను ఏది?

తుంగభద్ర కట్ట 2021 నుండి లెక్కకు విజయనగర జిల్లాలో ఉన్నది. అయినా బళ్ళారి తెలుగువాళ్ళం దానిని మన కట్ట అనడం మానుకోలేదు. 1953లో కాలువలకు నీరు వదిలిననాడు జలాశయంలో పట్టేది 133 టి.ఎం.సి. అనేవారు. ఒక టి.ఎం.సి. అంటే నూరుకోట్ల ఘనపుటడుగులు. 2008 సర్వేలో అది 100.855కు దిగింది. 2016 సర్వేలో మళ్ళీ 105.788 అయింది! పూడిక పెరగాలే గాని తనంతట తగ్గుతుందా? తేడా కొలతలోనే ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. దాదాపు అయిదు టి.ఎం.సి.లంటే ఎగువ, దిగువ కాలువల రైతులకు చిన్నమాట కాదు.

నేటి ఇంజనీర్ల చేతిలో వెలుతురుతో కొలిచే పద్ధతులు ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి ఫోటోలు. డ్రోన్ ఎగురవేసి, ఒకదానిమీద ఒకటి సగానికి మించి పడేలా వందల ఫోటోలు తీస్తారు. మన రెండు కళ్ళు దూరం అంచనా కట్టినట్టే, కంప్యూటరు వాటిని కలిపి ఆకారం తయారుచేస్తుంది. ఖర్చు తక్కువ. రెండవది లైడార్. లేజరు వెలుతురు వెళ్ళి తిరిగివచ్చిన కాలాన్నిబట్టి దూరం లెక్క గడతారు. ఖర్చెక్కువ గాని, చెట్లసందుల నేలనుకూడ పట్టుకోగలదు.

మన కట్ట రాతికట్టడం. రాళ్ళు, అతుకులు, మరకలు కలిసి ఫోటోలకు మంచి గుర్తులిస్తాయి. అక్కడ ఫోటో చాలునని మా అభిప్రాయం. రంగువేసిన నున్నని ఇనుపగేటుకు అది చాలదు, లేజరు కావాలి. నీటిమట్టం దిగి బయటపడిన ఒండ్రునేలకు రెండూ పనికివస్తాయి. ఎర్రనీటి అడుగును మాత్రం ఏ వెలుతురూ చేరలేదు. అక్కడ పడవమీదనుండి ధ్వనితో లోతు చూడవలసిందే.

ఇక 2024 ఆగస్టు 10 రాత్రి సంగతి. 33 గేట్లలో 19వదాని గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. కన్నయ్యనాయుడుగారి సలహాతో స్టాప్‌లాగులు దించేవరకు ఎంత నీరు పోయిందో చూసినవారికి తెలుసు. ఫోటో, లేజరు రెండూ ఆ గొలుసు పైరూపాన్నే చూపగలవు. ఇనుములోపలి పగులు తెలియాలంటే దానిని అల్ట్రాసోనిక్ పరీక్షకు పెట్టాలి.

అందుచేత సర్వే అనగానే ఏ యంత్రం అని గాక, ఏ భాగానికి, ఏ నెలలో అని అడగాలి. జలాశయానికి అయితే మే నెల, ముంగారు వానలకు ముందు.