పొదుపా? లోభమా? – ఓక్లండు బేస్‌బాల్ జట్టు కథ

ఇంటి వ్యయమునందు పొదుపు వేఱు, లోభము వేఱు. నెలాఖరునకు నాలుగు రూపాయలు మిగిలినంత మాత్రమున ఆ యిల్లు పొదుపుగా నడచినదని చెప్పరాదు. ఏది మాని మిగిల్చిరో చూడవలెను. చంటిబిడ్డ పాలు మాని మిగిల్చిన పైకమును మన పెద్దలెవ్వరును పొదుపని యనరు. ఈ భేదమును సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. అమెరికాలో ఓక్లండు పట్టణపు బేస్‌బాల్ జట్టును ఏలిన యజమానులకు మాత్రము ఎవరైన చెప్పవలసి యుండెను. 'అథ్లెటిక్స్' అను ఆ జట్టు పక్షము వారము మేము. కావున ఈ వ్యాసములో కొంత కోపము కనబడినచో చదువరులు మన్నింతురు గాక.

బేస్‌బాల్ మన క్రికెట్టునకు దాయాది. పక్షమునకు తొమ్మండుగురు. ఒకడు బంతి విసరును. ఎదుటి పక్షము వాడు గుండ్రని కఱ్ఱతో కొట్టును. కొట్టినవాడు నాలుగు మూలలను చుట్టి వచ్చినచో ఒక పరుగు. బంతిని మైదానపు గోడ దాటించిన దెబ్బకు 'హోమ్ రన్' అని పేరు. పెద్ద లీగులో 30 జట్లు కలవు. ఒక్కొక్క జట్టు వసంతము మొదలు సెప్టెంబరు నెలాఖరు వఱకు 162 ఆటలు ఆడును. అనగా వేసవి పొడుగునను ఇంచుమించు ప్రతి సాయంకాలము ఆ మనుష్యులే రేడియోలోను టెలివిజనులోను ఇంటికి వచ్చుచుందురు. వారి నడక, వారి అలవాటులు, వారికి కలిగిన సంతానము గూడ ఇంటివారికి తెలియును. అట్టి వాడొకడు ఒక యుదయమున వేఱొక ఊరి జట్టున చేరెనని వార్త వచ్చినచో పిల్లలు అన్నము మానుటలో వింత లేదు.

ఈ మార్పు ఎట్లు జరుగునో చెప్పినగాని తక్కిన కథ బోధపడదు. ఆటగాడు పెద్ద లీగులో అడుగు పెట్టిన పిమ్మట ఆఱేండ్లు జట్టునకు కట్టుబడి యుండవలెను. మొదటి మూడేండ్లు లీగువారు నిర్ణయించిన కనిష్ఠ వేతనమునకు కొంచె మెచ్చుతగ్గుగా ముట్టును. తరువాతి మూడేండ్లు బేరము కుదరనిచో మధ్యవర్తుల తీర్పు చొప్పున వేతనము పెరుగుచుండును. ఆఱేండ్లు నిండిన వెనుక అతడు స్వతంత్రుడు. ఎవరెక్కువ ఇత్తురో వారి జట్టున చేరవచ్చును. ఈ లోపల జట్టువారు తలచినచో అతని యిష్టముతో పని లేకయే మఱియొక జట్టునకు బదలాయింపవచ్చును. కొలదిమంది పాతవారికి మాత్రమే కాదనుటకు హక్కు కలదు. బదులుగా నేమి వచ్చును? తఱచుగా ఇంకను పెద్ద లీగు ముఖము చూడని కుఱ్ఱవాండ్రు నలుగురు వచ్చెదరు. పాడియావును సంతకు తోలి నాలుగు పెయ్యలను తోలుకొని వచ్చుట వంటి దిది. పెయ్యలలో ఒకటి పాలకు వచ్చిన వచ్చును, రాకున్న లేదు. వచ్చినచో దానిని గూడ ఆఱవయేట సంతకు తోలుదురు. ఆ యింటి పిల్లలకు పాలెప్పుడు?

ఓక్లండు జట్టునకు ఈ అమ్మకము వంశపారంపర్యమని చెప్పవచ్చును. 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టి, 1955లో కాన్సస్ సిటీకి, 1968లో ఓక్లండునకు తరలిన జట్టిది. ఫిలడెల్ఫియాలో దానిని నడపిన కానీ మాక్, 1914లో తుదిపోటీలో ఓడిన పిదప మేటి ఆటగాండ్రను వదలుకొనెను. ఎడ్డీ కాలిన్స్ అను వానిని 50 వేల డాలరులకు షికాగో వారికమ్మెను. మఱుసటి యేట జట్టు 109 ఆటలును, ఆ పై యేట 117 ఆటలును ఓడెను. ఓక్లండులో 1972, 73, 74 వరుసగా మూడేండ్లు జగజ్జెట్టియై నిలిచిన జట్టును చార్లీ ఫిన్లీ అను యజమాని 1976 జూన్‌లో ముక్కలుగా అమ్మజూచెను. ముగ్గురు ఆటగాండ్రకు 35 లక్షల డాలరులు ధర కుదిరెను. లీగు అధికారి బౌవీ క్యూన్ ఇది ఆటకు క్షేమము కాదని ఆ అమ్మకమును రద్దు చేసెను. అట్టి అధికారి మఱల రాలేదు!

కాని పేదఱికమునందు గూడ గౌరవముగా కాపురము చేయవచ్చునని ఈ జట్టే ఒకప్పుడు లోకమునకు చూపినది. 2002లో దాని జీతముల మొత్తము దాదాపు 4 కోట్ల డాలరులు; న్యూయార్కు యాంకీలది 12 కోట్లకు పైన. మేటివారు ముగ్గురు అంతకు ముందే ఎక్కువ జీతములకు వెడలిపోయిరి. అప్పటి నిర్వాహకుడు బిల్లీ బీన్ ఇతరులు విలువ కట్టని గుణములను వెదకెను. స్కాట్ హాట్‌బర్గ్ అను వాడు మోచేతి నరము చెడి, క్యాచరుగా బంతి విసరలేకపోయెను, ఎవరును వలదనిరి. అయితే అతడు ఓపికతో నిలిచి, ఏదో విధమున మొదటి మూలను చేరుకొనువాడు. అతనిని పిలిచి మఱియొక స్థానమున నిలిపిరి. ఆ యేడు జట్టు వరుసగా 20 ఆటలు గెలిచెను. ఇరువదియవది హాట్‌బర్గ్ కొట్టిన హోమ్ రన్‌తో గెలిచినదే. మొత్తము 103 గెలుపులు. దీనిపై 2003లో గ్రంథమును, 2011లో చలనచిత్రమును వచ్చినవి. పాతచీర చెఱగుతో పిల్లకు పరికిణీ కుట్టు తల్లి నేర్పు వంటిదది. దానిని పొదుపనుటకు మాకు సందేహము లేదు. ఏలయన, మిగిల్చిన ప్రతి డాలరును గెలుపు కొఱకే వెచ్చించిరి.

2005లో జట్టు చేతులు మారెను. ఆ కొన్నవారిలో జాన్ ఫిషర్ అను ధనికుడు ముఖ్యుడు. 'గ్యాప్' అను బట్టల వ్యాపారమును స్థాపించిన దంపతుల కుమారుడు. పొదుపు మాట మారలేదు. దాని యర్థము మాత్రము మెల్లమెల్లగా మారెను.

2014 జులైలో లీగునంతటను మిన్నయైన జట్టు మనదే. ఆ నెలాఖరున గట్టి బ్యాటరు సెస్పెడెస్‌ను బోస్టనుకిచ్చి, జాన్ లెస్టర్ అను పిచ్చరును తెచ్చిరి. తరువాత బ్యాటింగు డీలా పడి, తుదకు కాన్సస్ సిటీతో ఒకే యొక్క నిర్ణాయకమైన ఆటలో 12 ఇన్నింగ్సుల పోరాటము పిమ్మట 9–8గా ఓడిరి. ఆ రాత్రి ఏడ్వని అభిమాని లేడు. అయినను మేము దానిని తప్పుపట్టము. గెలువవలెనని చేసిన పని అది. తప్పుపట్టవలసినది ఆ నవంబరులో జరిగినది. మూడవ మూలను కాపాడు జాష్ డొనాల్డ్‌సన్‌ను టొరాంటోకిచ్చి నలుగురిని తెచ్చిరి. స్వతంత్రుడగుటకు అతనికింకను నాలుగేండ్ల గడువుండెను! మఱుసటి యేటనే అతడు అమెరికన్ లీగులో అత్యుత్తముడని బహుమానమందెను. వచ్చిన నలుగురిలో ఆ యెత్తు నందుకొన్నవాడొక్కడును లేడు.

మార్కస్ సెమియన్ సంగతి ఇంతకంటె కష్టము కలిగించును. అతడు ఆ ప్రాంతపు బిడ్డ, బర్క్‌లీలో చదువుకొన్నవాడు. ఓక్లండులో ఆరేండ్లు శ్రమించి ఆట దిద్దుకొనెను. 2020 తరువాత అతనిని నిలుపుకొనుటకు జట్టు చూపిన బేరము ఇట్టిదని పత్రికలు వ్రాసినవి: ఒక యేటి పనికి ఒక కోటి 25 లక్షల డాలరులు, అందులో ఒక కోటి మాత్రము పదేండ్ల వాయిదాలలో! పాలవాని బాకీని పదేండ్ల వాయిదాలలో తీర్తుమన్నచో మన వీథిలో ఏ పాలవాడు మఱునాడు చెంబు తెచ్చును? అతడు టొరాంటోకు పోయి, 2021లో 45 హోమ్ రన్లు కొట్టెను. రెండవ మూల కాచు ఆటగాండ్రలో అన్ని కొట్టినవాడు అంతకు ముందు లేడు. పిమ్మట టెక్సాసులో చేరి 2023లో జగజ్జెట్టి పతకమును గూడ ధరించెను.

2022 వసంతమున సంత పూర్తిగా తెఱచిరి. మార్చి 12న బాసిట్ న్యూయార్కునకు, 14న ఓల్సన్ అట్లాంటాకు, 16న చాప్‌మన్ టొరాంటోకు, ఏప్రిల్ 3న మనాయా సాన్ డియాగోకు వెడలిరి. ఐదు దినములలో ముగ్గురు! శిక్షకుడు బాబ్ మెల్విన్ అంతకు ముందే వెడలిపోయెను. ఓల్సన్, చాప్‌మన్‌లను పసివారుగా చేర్చుకొని పెంచిన జట్టిది. ఓల్సన్ 2023లో అట్లాంటాకు 54 హోమ్ రన్లు కొట్టెను. అతనికి బదులుగా వచ్చిన లాంగెలియర్స్ మంచి క్యాచరనియే ఒప్పుకొందము. కాని ఆ డిసెంబరులో మర్ఫీ యను క్యాచరును సాగనంపినప్పుడు, బేరమున నడుమ దూరిన మిల్వాకీ వారు కాంట్రెరాస్ అను మేలైనవానిని తన్నుకొనిపోయిరి. మన యింటి ఆవు, మన సంత, వెన్న పొరుగువారికి. 2022లో 102 ఆటలు, 2023లో 112 ఆటలు జట్టు ఓడెను.

యజమానుల పక్షపు మాట గూడ వినవలెను గదా. మైదానము 1966 నాటిది. మురుగునీరు ఆటగాండ్ర గదులలోనికి పొంగిన దినములు కలవు. క్రొత్త మైదానము కొఱకు మన తెలుగు కుటుంబములెన్నో కాపురమున్న ఫ్రీమాంటులో 2006లో యత్నించి, 2009లో మానుకొనిరి. పిదప మఱి కొన్ని చోట్ల యత్నించిరి. జనము రాకున్న జీతము లెట్లిత్తుమని వారనిరి. మేలైన వారినందఱిని పంపివేసి జనము రాలేదనుట పొమ్మనలేక పొగపెట్టుట కాదా? టాంపా బే జట్టు పెట్టె గూడ చిన్నదే; అది 2008, 2020 సంవత్సరములలో తుదిపోటీ వఱకు వచ్చెను.

ఆ టాంపా బే జట్టే 2023 జూన్ 13న ఓక్లండునకు వచ్చినది. అప్పటికి లాస్ వేగాస్‌నకు పోవు సన్నాహము వెల్లడియైనది. రాకుండుటచే నిరసన తెలుపుట అందఱెఱిగినదే. అభిమానులు ఆ దినమున వచ్చుటచే నిరసన తెలిపిరి. మామూలుగా పదివేలైన లేని చోట 27,759 మంది కూడిరి. ఆకుపచ్చని చొక్కాలపై 'అమ్ము' అని ఒకే మాట. ఐదవ ఇన్నింగ్సు మొదలైనప్పుడు అందఱు లేచి మౌనముగా నిలిచిరి. పిదప జట్టునమ్మి పొమ్మను కేక మైదానమంతట మ్రోగినది. ఆటగాండ్రను అమ్మవద్దని ఏండ్ల తరబడి మొఱపెట్టిన నోళ్లే తుదకు యజమానినే 'అమ్ము' మనవలసి వచ్చినది. ఆనాడు మనవారు 2–1గా గెలిచిరి. టిక్కెట్ల పైకము 8 లక్షల డాలరులకు పైగా వచ్చినదానిని జట్టువారు ధర్మకార్యముల కిచ్చిరి. ఆ మాట దాచరాదు. కాని ఆ దినముననే నెవాడా శాసనసభలో సెనేటు వారు క్రొత్త మైదానమునకు 38 కోట్ల డాలరుల వఱకు ప్రజాధన మిచ్చు బిల్లును అంగీకరించిరి. నవంబరులో లీగు యజమానులు 30 మందియు, ఒక్కరైన కాదనక, తరలింపునకు సమ్మతించిరి.

2024 సెప్టెంబరు 26న ఓక్లండులో కడపటి ఆట. ఆ యేడే జెన్నీ కావ్నార్ ఆ జట్టు ఆటలకు ముఖ్య వ్యాఖ్యాత్రిగా నియమింపబడెను. పెద్ద లీగులో ఆ పదవి నందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆమె మొదటి యేడు పట్టణమునకు తుది యేడాయెను. 46,889 మంది వచ్చిరి. ఓక్లండులో పెరిగి, 1982లో 130 మూలలు దొంగిలించి ఎవ్వరును చెఱపలేని లెక్క నిలిపిన రికీ హెండర్సన్ మొదటి బంతి విసరినవారిలో ఒకడు. మూడు నెలలు తిరుగకమునుపే అతడు గతించెను. ప్రతిపక్షము టెక్సాసు, అందులో సెమియన్. మనవారు 3–2గా గెలిచిరి. ఆట ముగిసిన పిదప అభిమానులు మైదానపు మట్టిని గిన్నెలలో పట్టుకొని ఇంటికి కొనిపోయిరి.

జట్టు 2025లో సాక్రమెంటో చెంత, ఇంచుమించు 14 వేల మంది పట్టు చిన్న మైదానమునకు చేరెను. 2028 నాటికి లాస్ వేగాస్ చేరవలెనని సంకల్పము. చేరబోవు ఊరి పేరు ఇంకను రాలేదు, ఉన్న ఊరి పేరు పెట్టుకొనలేదు. ఒట్టి 'అథ్లెటిక్స్' అనియే పిలిపించుకొనుచున్నది. ఇంతలో వింత చూడుడు. ఓక్లండున నున్నన్నాళ్లు ఆ జట్టు ఒక ఆటగాని కిచ్చిన అత్యధికపు ఒప్పందము 2004లో ఎరిక్ చావెజ్‌కు ఆఱేండ్లకు 6 కోట్ల 60 లక్షలు. ఇరువదేండ్లు దానిని మించలేదు. ఊరు విడిచిన మూడవ నెలలోనే లూయిస్ సెవెరీనోకు మూడేండ్లకు 6 కోట్ల 70 లక్షలిచ్చిరి. పిమ్మట రూకర్‌కు, బట్లర్‌కు దీర్ఘకాలపు ఒప్పందములు వ్రాసిరి. పైకము లేదన్న మాట ఏమైనదో ఓక్లండు వారు అడుగుచున్నారు.

ఓక్లండులో 2024లో 'బాలర్స్' అను చిన్న లీగు జట్టొకటి వెలసినది. పడమటి వీథుల నడుమ పాత తోటలోని రైమండీ మైదానమే దాని యిల్లు. వాటాలను అభిమానులకే అమ్మిరి. కెల్సీ విట్‌మోర్ అను యువతి ఆ మొదటి యేట వారి పక్షమున బంతి విసరెను; ఆ లీగులో ఆట ఆరంభించిన మొదటి స్త్రీ ఆమెయే. 2025లో బాలర్స్ తమ లీగు పోటీ గెలిచిరి. పెద్ద మైదానమున మట్టి పట్టుకొని వెళ్లినవారిలో ఎందఱో ఆ చిన్న మైదానపు బల్లలమీద కూర్చుండి చూచియుందురు.