రూపాయికో తేదీ

కూరగాయల మార్కెట్లో తోపుడుబండి వ్యాపారికి ఫైనాన్స్ మనిషి పొద్దున్నే తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. కాగితం మీద రాసుకునేది మాత్రం పది వేలు. ముందే పట్టుకున్న ఆ వెయ్యే వడ్డీ. రోజుకి వంద చొప్పున వంద రోజులు కడితే బాకీ తీరిపోతుంది. ప్రతి సాయంత్రం వచ్చి వంద వసూలు చేసుకుని చిన్న కార్డు మీద గుర్తు పెట్టి వెళ్తుంటాడు. వడ్డీ ఎంతని అడగండి. ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకటే చెబుతారు: నూటికి పది.

నిజంగా నూటికి ఎంతో లెక్క కడదాం. అతని చేతికి వచ్చింది తొమ్మిది వేలు. అందులోంచి మర్నాటి నుంచే వంద వంద తిరిగి వెళ్లిపోవడం మొదలైంది. యాభయ్యో రోజుకల్లా తీసుకున్నదాంట్లో సగానికి పైగా కట్టేశాడు. వంద రోజులూ కలిపి చూస్తే సగటున అతని దగ్గర నిలిచిన అప్పు సుమారు 4,700 రూపాయలే. ఆ 4,700 మీద వంద రోజులకు వెయ్యి వడ్డీ అంటే ఏడాదికి 77 శాతం దాటుతుంది. వసూలైన ప్రతి వందనూ ఫైనాన్స్ మనిషి అదే రేటుకి వెంటనే మరొకరికి తిప్పుకోగలిగితే, ఏడాది తిరిగేసరికి అతని వంద రూపాయలు 217 అవుతాయి. కార్డు మీద ఇవేవీ కనిపించవు. అక్కడ కనిపించేది పది వేలు, వంద, వంద రోజులు. మూడూ నిజమే. కానీ ఏ రూపాయి ఏ రోజున చేతులు మారిందో చూడకుండా వాటిని కలిపి చెప్పిన ‘నూటికి పది’ నిజం కాదు.

పెట్టుబడి లాభాన్ని కొలిచే గణితం మొత్తం ఈ ఒక్క జాగ్రత్త మీదే నిలబడింది. ప్రతి రూపాయి పక్కనా దాని తేదీ రాయాలి. వేర్వేరు తేదీల రూపాయలను నేరుగా కూడకూడదు, తీసివేయకూడదు. ముందు అన్నిటినీ ఒకే తేదీకి తీసుకురావాలి.

ముందుకు తీసుకెళ్లడం మనకు బాగా తెలిసిన పని. ఊళ్లలో వడ్డీని నెలకి వందకి ఇంత అని చెబుతారు. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి ఆరేళ్లు ఇచ్చారనుకోండి. బారు వడ్డీ అయితే ఆరేళ్లకు అసలూ వడ్డీ కలిపి 2 లక్షల 44 వేలు. అయితే ప్రామిసరీ నోటుకి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లే కాబట్టి చాలామంది మూడేళ్లకి నోటు తిరగరాయించుకుంటారు. అప్పటిదాకా పేరుకున్న 72 వేల వడ్డీ ఆ రోజు అసలులో కలిసిపోతుంది. ఆ ఒక్క తిరగరాతతో ఆరేళ్ల మొత్తం దాదాపు 2 లక్షల 96 వేలవుతుంది. ఏటా తిరగరాస్తే 3 లక్షల 63 వేలు. నెలనెలా కలుపుకుంటూ పోతే 4 లక్షల 16 వేలు. చెప్పిన రేటు ఒకటే. వడ్డీ ఎప్పుడెప్పుడు అసలుగా మారుతుందన్నదే తేడా.

వడ్డీకి వడ్డీ మన గణితానికి పాత సమస్య. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలో దీనికో సూత్రమే ఉంది. ఉదాహరణకి, వందకి ఒక నెలలో కొంత వడ్డీ వచ్చింది. ఎంతో తెలియదు. ఆ వడ్డీనే అదే రేటుకి ఆరు నెలలు తిప్పితే మొత్తం 16 అయింది. అయితే నెల వడ్డీ ఎంత? జవాబు పది. పదికి నెలకి ఒకటి చొప్పున ఆరు నెలల్లో ఆరు వస్తుంది, కలిపితే 16. ఈ పది దొరకాలంటే వర్గ సమీకరణం సాధించాలి. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇలాంటి వడ్డీ లెక్కలు చాలానే ఇచ్చాడు. ఆ గ్రంథాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

సొమ్ము రెట్టింపు కావడానికి ఎంతకాలం పడుతుందో నోటి లెక్కతో చెప్పేయొచ్చు. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే చాలు. ఇటలీలో లూకా పాచోలీ 1494లో అచ్చు వేసిన గణిత గ్రంథంలోనే ఈ చిట్కా ఉంది. నిజానికి రావలసిన సంఖ్య 69.3. అది రెండు అనే సంఖ్యకు సహజ సంవర్గమానమైన 0.693 నుంచి వస్తుంది. వడ్డీ క్షణక్షణమూ కలుస్తుంటే అదే సరైనది. ఏడాదికోసారి కలిసే ఏడెనిమిది శాతం రేట్ల దగ్గర 72 బాగా అతుకుతుంది. పైగా రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పన్నెండు అన్నీ దాన్ని నిశ్శేషంగా భాగిస్తాయి.

పోస్టాఫీసుల్లో అమ్మే కిసాన్ వికాస్ పత్రతో ఈ చిట్కాని పరీక్షించవచ్చు. దాని వాగ్దానం ఎప్పుడూ ఒకటే, సొమ్ము రెట్టింపు. 1988లో మొదలైనప్పుడు అయిదున్నరేళ్లకే రెట్టింపయ్యేది. మధ్యలో ఆపేసి 2014లో మళ్లీ తెచ్చినప్పుడు 100 నెలలు పట్టేది. 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.5 శాతం, గడువు 115 నెలలు. 72ని 7.5తో భాగిస్తే 9.6 ఏళ్లు. నెలల్లోకి మారిస్తే 115.2. వాగ్దానంలో అక్షరం మారలేదు గానీ, గడువు నుంచి రేటు రాబడితే 1988లో అది ఏడాదికి 13.4 శాతం, ఇప్పుడు అందులో సగానికి కాస్త ఎక్కువ. ‘రెట్టింపు’ అని ఎవరు చెప్పినా ముందు అడగాల్సింది ‘ఎన్నాళ్లకి?’ అనే.

రూపాయిని వెనక్కి తీసుకురావడం మనకు అంత అలవాటు లేదు. పదేళ్ల తరవాత వచ్చే లక్ష ఈ రోజున ఎంతకు సమానం? ఏడు శాతం వడ్డీ వచ్చే చోటు మనకు ఉంటే, ఈ రోజు వేసిన రూపాయి పదేళ్లకి 1.967 అవుతుంది. కాబట్టి అప్పటి లక్ష ఇప్పటి 50,835 రూపాయలకు సమానం. ముందుకి వెళ్లేటప్పుడు హెచ్చవేసిన సంఖ్యతోనే వెనక్కి వచ్చేటప్పుడు భాగిస్తున్నాం, అంతే.

పీసా నగరానికి చెందిన ఫిబొనాచీ 1202లో రాసిన లిబర్ అబాచీలో ఇలాంటి లెక్క ఒకటి ఉంది. ఒక సైనికుడికి రాజు ఏడాదికి 300 బెజాంట్లు (అప్పటి నాణేలు) ఇస్తాడు, మూడు నెలలకోసారి 75 చొప్పున. తరవాత రాజు మనసు మార్చుకుని, మొత్తం ఏడాది చివరే ఇస్తానంటాడు. సైనికుడు తన సొమ్మును నెలకి వందకి రెండు చొప్పున తిప్పుకోగలడు. మన ఊరి రెండు రూపాయల వడ్డీయే అది, చెప్పే తీరుతో సహా! మరి అతనికి నష్టం ఎంత? మూడు నెలలకి ఆరు శాతం చొప్పున ప్రతి వాయిదానూ ఈ రోజుకి వెనక్కి తెస్తే, నాలుగు వాయిదాల విలువ దాదాపు 260. ఏడాది చివర ఒకేసారి వచ్చే 300 విలువ 238 లోపే. జీతంలో ఒక్క నాణెం తగ్గించకుండానే రాజు 22 బెజాంట్లు మిగుల్చుకున్నాడు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఈ లెక్కలో దిద్దాల్సింది ఏమీ లేదు.

ఇక చీటీల సంగతికొద్దాం. తెలుగు ఇళ్లలో ఇంత విస్తారంగా సాగుతూ ఇంత తక్కువగా లెక్క కట్టే వ్యవహారం ఇంకొకటి లేదనిపిస్తుంది. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకి 5,000, 20 నెలలు. నెలనెలా పాట జరుగుతుంది. ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల చీటీ వాళ్లది. వదులుకున్న దాంట్లో నిర్వాహకుడి కమిషన్ పోగా మిగిలింది అందరికీ సమానంగా పంచి, కట్టాల్సిన వాయిదాలో తగ్గిస్తారు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టంలో కమిషన్‌కి పరిమితి 5 శాతం ఉండేది, 2021 సవరణతో అది 7 అయింది. మనం 5 అనే అనుకుందాం. మొదటి నెల పాట 30 వేలకి వెళ్లిందనీ, అక్కణ్ణుంచి నెలనెలా సమానంగా తగ్గుతూ చివరి నెల ఒక్క కమిషన్ 5 వేలే మిగిలిందనీ అనుకుందాం. అప్పుడు వాయిదా మొదటి నెల 3,750తో మొదలై చివరి నెలకి 5,000 అవుతుంది. ఒక్కొక్కరు కట్టేది మొత్తం 87,500.

చివరి దాకా ఆగినావిడ 95 వేలు తీసుకుంటుంది. లాభం 7,500. కట్టినదాంతో పోల్చితే 20 నెలలకి 8.6 శాతం, అంటే ఏడాదికి అయిదు శాతం పైచిలుకు. ‘బ్యాంకులో వేసుకున్నా ఇంతకంటే ఎక్కువ వచ్చేదే’ అని ఇంట్లోవాళ్లు ఆవిణ్ణి దెప్పుతారు. కానీ ఆ 87,500 మొదటి రోజే కట్టలేదు కదా! మొదటి వాయిదా 19 నెలలు నిలిచింది, చివరిది ఒక్క రోజు కూడా నిలవలేదు. ప్రతి వాయిదానూ దాని తేదీ నుంచి చివరి నెలకి తీసుకెళ్లి, మొత్తం 95 వేలకి సరిపోయే రేటు వెతికితే నెలకి వందకి 90 పైసలు తేలుతుంది. ఏడాదికి 11.4 శాతం. చీటీ సవ్యంగా నడిచి చివరికి డబ్బు చేతికొస్తే ఆవిడ చేసింది మంచి పొదుపు.

మొదటి నెలే పాడుకున్నాయన లెక్క వేరు. 70 వేలు వచ్చింది, అదే రోజు తన వాయిదా 3,750 పోగా చేతిలో మిగిలింది 66,250. తరవాతి 19 నెలల్లో కట్టేది 83,750. దీని వడ్డీ ఎంతో కనిపెట్టాలంటే ఆ 19 వాయిదాలనూ మొదటి రోజుకి వెనక్కి తేవాలి. రేటు తెలిస్తే తేవచ్చు, కానీ కావలసింది ఆ రేటే. రాసి చూస్తే ఇది పంతొమ్మిదో ఘాతపు సమీకరణం. నాలుగో ఘాతం దాటాక ఇలాంటి సమీకరణాలకు సాధారణ సూత్రమే ఉండదని నార్వే గణితజ్ఞుడు ఆబెల్ 1824లో రుజువు చేశాడు. కాబట్టి ఊహించి, సరిచూసుకుంటూ పోవడమే దారి. రెండు రూపాయల వడ్డీ అనుకుని వెనక్కి తెస్తే వాయిదాల విలువ దాదాపు 68,500 వచ్చింది. అది 66,250 కంటే ఎక్కువ, అంటే అసలు వడ్డీ ఇంకా పైన ఉంది. రెండున్నర అనుకుంటే 65,300. ఈసారి దాటిపోయాం. రెండిటి మధ్యా దూరం చూసి పంచితే 2.35. మళ్లీ సరిచూస్తే సరిగ్గా అతుకుతుంది. నెలకి వందకి రెండు రూపాయల ముప్పై అయిదు పైసలు. నెలనెలా కలుపుకుంటే ఏడాదికి 32 శాతం. డెబ్భై వేలకి పదిహేడున్నర వేలు ఎక్కువ కడుతున్నానని, ఏడాదికి పదిహేను శాతమేనని ఆయన అనుకుంటాడు.

ఆసుపత్రి ఖర్చుకో, కూతురి కాలేజీ ఫీజుకో మొదట్లోనే పాడుకునేవాళ్లకి ఒక్కోసారి వేరే దారి ఉండదు. నా పట్టుదలల్లా ఒకటే, పాట పాడేముందు ఆ 2.35 వాళ్లకి తెలియాలి. బంగారం మీద బ్యాంకు అప్పు ఎంతకు దొరుకుతుందో పక్కన పెట్టి చూసుకోగలగాలి.

ఫ్లాట్ వడ్డీ కూడా ఈ కోవదే. బండి కొనడానికి లక్ష, మూడేళ్లు, పది శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 30 వేలు కలిపి నెలకి 3,611 చొప్పున 36 వాయిదాలు. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం లక్ష మీదే వేస్తున్నారు. తేదీల ప్రకారం కట్టి చూస్తే 18 శాతానికి రవ్వంత తక్కువ. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త వ్యక్తిగత రుణాలకు బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును ఒక ముఖ్య వివరాల పత్రంలో రాసి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. సంతకం చేసేముందు ఆ కాగితం అడిగి తీసుకోండి.

షేర్ల దగ్గర మోసపోయేది సగటు చూసి. సెన్సెక్స్ 2008లో 52 శాతం పడింది, 2009లో 81 శాతం లేచింది. రెండేళ్ల సగటు తీస్తే ఏడాదికి 14 శాతం లాభం! కానీ 2007 చివర 20,287 దగ్గరున్న సూచీ 2009 చివరికి 17,465 దగ్గర ఉంది. రెండేళ్లకి 14 శాతం నష్టం, అంటే ఏడాదికి 7.2 శాతం చొప్పున తగ్గుదల. వంద సగానికి పడితే మళ్లీ వంద కావడానికి 50 శాతం చాలదు, 100 శాతం లేవాలి. అందుకే రాబడులను కూడి సగటు తీయకూడదు. హెచ్చవేసి, ఎన్నేళ్లయితే అన్నో మూలం తీయాలి.

అదే మూలంతో స్థలాల లెక్కా తేల్చవచ్చు. ‘ముప్పై ఏళ్ల కింద లక్షకి కొన్నాం, ఇప్పుడు ఇరవై లక్షలు’ అనే మాట మన దగ్గర తరచూ వింటాం. ఇరవైకి ముప్పయ్యో మూలం 1.105. ఏడాదికి 10.5 శాతం. మంచి రాబడే, కానీ ‘ఇరవై రెట్లు’ అన్నప్పుడు కలిగే ఆశ్చర్యం అందులో లేదు. ఆ ముప్పై ఏళ్లూ ధరలు ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగి ఉంటే, 1.105ని 1.06తో భాగించాలి. నిజంగా పెరిగింది ఏటా నాలుగు శాతం పైచిలుకు.

స్థలం మీద ఖర్చులూ ఉంటాయి. కంప్యూటర్లో ఎక్సెల్ తెరిచి ఒక నిలువు వరుసలో తేదీలు, పక్క వరుసలో డబ్బు రాయండి. పోయినదానికి ముందు మైనస్, వచ్చినదానికి ప్లస్. కొన్న రోజున రిజిస్ట్రేషన్‌తో కలిపి లక్షా పది వేలు. పదేళ్లకి ఆక్రమణ భయంతో కట్టించిన ప్రహరీకి యాభై వేలు. ముప్పయ్యో ఏట వచ్చిన ఇరవై లక్షలు. ఎక్స్‌ఐఆర్‌ఆర్ అనే ఫార్ములాకి ఈ రెండు వరుసలూ ఇస్తే చాలు. చీటీ దగ్గర మనం చేతితో చేసిన ఊహించి సరిచూడటాన్నే అది క్షణంలో చేసి రేటు చూపిస్తుంది. ఈ స్థలానికి అది చూపించేది 9.5 శాతం.