లెక్క అప్పగించుట: యెరూషలేము చందా విషయములో పౌలు గృహనిర్వాహకత్వము

గృహనిర్వాహకత్వము అనగానే మన సంఘాలలో దశమభాగమును గూర్చిన ప్రసంగము మొదలవుతుంది. విశ్వాసి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్నదే బోధిస్తాము. అయితే ఈ మాటకు మూలమైన 'ఒయికొనొమొస్' అనే గ్రీకు పదము ఇచ్చేవానిని కాదు, యజమాని ఇంటిని అతని పక్షముగా నడిపించేవానిని సూచిస్తుంది. ఆ ఇంటి ధాన్యము, డబ్బు, పనివారు అతని చేతిక్రింద ఉంటారు గాని వాటిలో ఏదీ అతనిది కాదు. లూకా 16లో యజమాని తన గృహనిర్వాహకుని పిలిచి అడిగినది లెక్కే. విశ్వాసి కూడా దేవుని సొత్తుకు గృహనిర్వాహకుడే, నిజమే. కాని నలుగురి కానుకలు ఒకచోట చేరి మన చేతికి వచ్చినప్పుడు ఈ బోధ మొదట తగిలేది కాపరులమైన మనకే.

యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు పౌలు అన్యజనుల సంఘాలలో చందా పోగుచేశాడు. 1 కొరింథీయులకు 16:1-4, 2 కొరింథీయులకు 8, 9 అధ్యాయాలు, రోమీయులకు 15:25-27 కలిపి చదివితే ఆ పని ఎంత జాగ్రత్తగా సాగిందో తెలుస్తుంది. డబ్బు తీసుకొని వెళ్లేవారిని కొరింథు సంఘమే యోగ్యులని ఎంచాలి. పౌలు తానొక్కడే మోసుకొని పోతానని అనలేదు. తీతుతోపాటు మరి ఇద్దరు సహోదరులను పంపాడు. వారిలో ఒకనిని సంఘాలే ఏర్పరచాయి. కారణము 8:20-21లో ఉన్నది: ఇంత పెద్ద మొత్తము విషయములో ఎవరూ తప్పుపట్టకూడదు, ప్రభువు ఎదుటనే కాదు, మనుష్యుల ఎదుట కూడా అది సరిగా కనబడాలి.

ఈ జాగ్రత్త ఊరకనే పుట్టలేదు. 12:16-18 చూడండి. పౌలు యుక్తిచేసి తమను పట్టుకొన్నాడన్న అనుమానము కొరింథులో వినబడినట్లున్నది. అపొస్తలుడైనందున నన్ను అడగకూడదని అతడు అనలేదు. తాను పంపినవారిలో ఎవరైనా మిమ్మును మోసగించారా అని తిరిగి ప్రశ్నించగలిగాడు. ఆ ప్రశ్న వేయగలిగినవాడు ముందే ఏర్పాట్లు చేసుకొన్నవాడు. అపొస్తలుల కార్యములు 20:4లో పేర్కొనబడిన ఏడుగురు ఈ చందాతో వెళ్లిన సంఘ ప్రతినిధులేనని అనేక వ్యాఖ్యాతల అభిప్రాయము.

ఇక్కడ మన కమిటీలలో తరచుగా వచ్చే అభ్యంతరము ఒకటి ఉన్నది. కుడిచెయ్యి చేయునది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట (మత్తయి 6:3) చూపించి లెక్కలు చదవవద్దంటారు. ఆ వాక్యము ధర్మము చేసేవాని గొప్పను అణచుటకు చెప్పబడినది. ఇతరులిచ్చినది దాచి ఉంచేవానికి అది ముసుగు కాదు.

ఈ మాటలు నేను ఆలస్యముగా నేర్చుకొన్నాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరువాత మా సంఘము బియ్యము, దుప్పట్లు, కొంత డబ్బు పోగుచేసింది. నేనొక్కడినే వెళ్లి పంచి వచ్చాను. ఒక్క రసీదు తీసుకోలేదు, పేర్లు వ్రాసుకోలేదు. వచ్చే నెల కూడికలో ఒక పెద్దాయన, "అయ్యగారూ, ఎంత పోగైంది, ఎవరికి ఇచ్చారు?" అని అడిగాడు. నాకు కోపము వచ్చింది. దైవసేవకుని మీద అనుమానమా అన్నాను. నేను దొంగిలించలేదు, ఆ సంగతి నాకూ దేవునికీ తెలుసు. కాని కూడికలో ఉన్నవారికి తెలిసే దారి ఒక్కటీ నేను ఉంచలేదు. తరువాత రెండు నెలలు కానుక తగ్గింది.

మన ప్రాంతములో ఈ పని మరికొంత కష్టము, ఎందుకంటే కానుకలన్నీ నోట్ల రూపములో రావు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.యస్. అజరయ్య ఇచ్చుటను గూర్చి ఒక పుస్తకమే వ్రాశాడు; బీద గ్రామ సంఘాలు తమ కాళ్లమీద నిలబడాలన్నది ఆయన పట్టుదల. వంటకు ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యము, కోతపండుగ నాటి ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు ఇవన్నీ కానుకలే. నోటు మీద అంకె ఉంటుంది, పిడికిలికి ఉండదు. కొలిచి, వేలము వేసి, వచ్చిన ధర ఆ పూటే పుస్తకములో ఎక్కించకపోతే ఆ బియ్యము ఎవరింటికి పోయిందో చెప్పలేము.

ఇప్పుడు మా సంఘములో ఆరాధన ముగిసిన వెంటనే ఒకే ఇంటివారు కాని ఇద్దరు కానుక లెక్కించి సంతకాలు పెడతారు. నేను ఆ బల్ల దగ్గర కూర్చోను. ఆనాడు ప్రశ్న అడిగిన పెద్దాయనే మూడేళ్లు ఆ ఇద్దరిలో ఒకడుగా ఉన్నాడు. రూపాయి తేడా వచ్చినా మొదటినుండి లెక్కించేవాడు, ఆ ఆదివారము మా భోజనము ఆలస్యమయ్యేది.