కల్లమునకు, ఇంటికి రాత్రి కాపలా: చీకటిలో చూచు కెమెరాలను కనబడకుండ అమర్చుట

నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములలో మిరప పంట జనవరి మొదలు ఏప్రిల్ వరకు కల్లములపై ఉండును. కోసిన కాయలో నూటికి 65 నుండి 80 పాళ్లు తేమ ఉండును. దీనిని 10, 11 పాళ్లకు దించుటకు రెండు వారములైనను ఎండలో పరచి ఉంచక తప్పదు. ఆ రోజులలో రైతు ఏడాది పెట్టుబడి అంతయు పట్టాలపై ఆకాశము క్రింద పడి యుండును. 40 కిలోల టిక్కీని ఇద్దరు మనుషులు మోటారు సైకిలుపై వేసికొని పోవుటకు రెండు నిమిషములు చాలును. కల్లము వద్ద మంచము వేసికొని పండుకొన్న మనిషి ఎన్ని రాత్రులు మేలుకొని ఉండగలడు?

అందువలన అనేకులు ఇంటికి, కల్లమునకు కెమెరాలు పెట్టించుచున్నారు. పెట్టుట మంచిదే. అయితే ఎత్తున తెల్లగా మెరయుచు కనబడు కెమెరా వలన చిల్లర దొంగ వెనుకకు పోవచ్చును గాని, తెలిసిన దొంగ మొదట దాని ముఖమును కర్రతో ప్రక్కకు త్రిప్పి, తరువాత పని చూచుకొనును. కనుక ఒక కెమెరా బయటికి కనబడునట్లును, దానిని, దారిని చూచునట్లు రెండవది మరుగుగాను ఉంచవలెను. ఈ రెండవ దానిని గూర్చియే ఈ వ్యాసము.

రాత్రి కెమెరా తన చుట్టును ఉన్న చిన్న దీపముల నుండి పరారుణ కిరణములను వెదజల్లి, తిరిగి వచ్చిన వెలుగుతో బొమ్మ తీయును. మన కంటికి ఆనని ఈ కిరణములను 1800లో విలియం హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు ఉష్ణమాపకము సాయముతో కనుగొనెను. బజారులో దొరకు కెమెరాలలో ఎక్కువ భాగము 850 నానోమీటర్ల దీపములు గలవి. వీటిని చీకటిలో సూటిగా చూచిన, ఆరిపోవు బీడీ నిప్పు వలె సన్నని ఎరుపు కనబడును. ఎంత బాగుగా దాచినను ఈ ఎరుపు గుట్టు బయట పెట్టును. 940 నానోమీటర్ల దీపములకు ఈ ఎరుపు లేదు. కాని వెలుగు పోవు దూరము ఇంచుమించు సగమునకు తగ్గును. ఇంటి వాకిలికి, గొడ్ల చావిడికి 940 రకము చాలును. అర ఎకరము కల్లమునకు చాలదు.

దాచుటలో ఎక్కువ మంది తప్పుచున్న చోటు ఒకటి కలదు. కెమెరాను వేపకొమ్మలలోనో, చిక్కుడు పాదులోనో పెట్టి, పగలు చూచుకొని సంతోషింతురు. రాత్రి చూచిన బొమ్మ అంతయు తెల్లగా ఉండును. కారణము పంటల శాస్త్రములోనే ఉన్నది. పచ్చని ఆకు ఎరుపు వెలుగును తాగివేయును గాని, పరారుణ కిరణములను చాల భాగము తిప్పి కొట్టును. ఆకాశము నుండి ఉపగ్రహములు పైరు ఆరోగ్యమును కనిపెట్టునది ఈ గుణము చేతనే. కెమెరా ముందు జానెడు దూరములో ఉన్న ఆకు రాత్రి అద్దము వలె మెరసి, వెనుక నున్న మనిషిని మింగివేయును. సున్నము వేసిన గోడ, చూరు క్రింది తెల్లని దూలము, సాలెగూడు, కిటికీ అద్దము కూడ ఇట్టివే. కిటికీ లోపల నుండి అద్దము గుండా చూచు కెమెరా రాత్రి తన వెలుగునే తాను చూచుకొనును.

దీనికి మంచి ఉపాయము, దీపమును కెమెరాను వేరు చేయుట. కెమెరాలోని దీపములను ఆపివేసి, వేరుగా దొరకు పరారుణ దీపమును పది పదిహేను అడుగుల దూరములో మరియొక చోట బిగించవలెను. దొంగకు ఎరుపు కనబడినను అతడు దీపము వైపు పోవును, కెమెరా వైపు కాదు. అట్టి ఏర్పాటులో కెమెరాను కిటికీ అద్దము వెనుక కూడ ఉంచవచ్చును. గదిలో లైటు మాత్రము వేయరాదు.

ఇక మరుగు చోటులు. ఇంటి వద్ద చూరు క్రింద రెండు వాసముల నడుమ ఉంచి, పై తొడుగుకు వాసము రంగు వేసిన చాలును. కటకమునకు, దీపముల మీది గాజునకు రంగు తగలరాదు. తీగను నీళ్ల గొట్టము వలె గోడ వెంట పైపులో పోనిచ్చిన ఎవరును తలయెత్తి చూడరు. కల్లము వద్ద నాకు అన్నిటి కన్న నచ్చినది దిష్టి కుండ. సున్నపు బొట్లు పెట్టి గుంజకు తగిలించిన కుండను పల్నాటిలో వింతగా చూచువాడు లేడు. కుండకు కటకము, దీపములు రెండును బయటికి చూచునంత రంధ్రము చేసి, కెమెరా ముఖమును ఆ రంధ్రపు అంచుకు ఆనించి బిగించవలెను. వెనుకకు జరిగిన, కుండ లోపలి గోడ మీది వెలుగు కంటిలో పడును. లోపల మసి పూయుట మేలు. అడుగున రెండు చిల్లులు వేసిన, నీరు నిలువదు, వేడియు పోవును. రెంటచింతల ఎండలు మీకు తెలియనివి కావు. చాల కెమెరాలు 50, 60 డిగ్రీల వరకే ఓర్చునట్లు చేయబడినవి. గాలి లేని డబ్బాలో మధ్యాహ్నము అంత వేడి సులభముగా పుట్టును.

కరెంటు లేని కల్లములకు సౌర ఫలకముతో నడచు, సిమ్ కార్డు గల కెమెరాలు దొరకుచున్నవి. ఫలకమును దాచిన ఎండ తగలదు. కనుక దానిని పాక మీద అందరికి కనబడునట్లే పెట్టి, ఒక దీపమునకు కూడ తీగ ఇచ్చిన, అది దీపము కొరకే అనుకొందురు. ఈ కెమెరాలు బ్యాటరీ ఆదా కొరకు నిద్రించి, మనిషి ఒంటి వేడి కదలినపుడు మేల్కొనును. వేసవి రాత్రి గాలి వేడి ఒంటి వేడికి దగ్గర పడిన కొలది ఆ కదలికను పసిగట్టు శక్తి తగ్గును. సంక్రాంతి రోజులలో మంచు పట్టిన రాత్రి వెలుగు మంచు బిందువులకే తగిలి వెనుకకు వచ్చును. ఆ రాత్రులలో మనిషి కాపలా మానరాదు.

పెట్టె మీద 30 మీటర్లు అని వ్రాసి యున్నంత మాత్రమున ఆ దూరములో ముఖము తెలియునని అనుకొనరాదు. ఎవరో వచ్చినట్లు మాత్రమే తెలియును. ఇంటివారిని ఒకరిని రాత్రి నడిపించి చూచుకొనుడు. ముఖము ఆనవాలు పట్టుటకు గుమ్మము వద్ద, దారి ఇరుకైన చోట, 5, 6 అడుగుల ఎత్తున ఒక మరుగు కెమెరా ఉండవలెను. పది అడుగుల పై నుండి చూచిన తలగుడ్డ తప్ప ముఖము రాదు. మరియొక ముఖ్య విషయము: ఈ వెలుగులో బట్టల రంగులు మారిపోవును. నల్లని రంగు వేసిన చొక్కా తెల్లగా కనబడవచ్చును. బొమ్మలో తెల్ల చొక్కా ఉన్నదని ఊరిలో ఒకనిపై నింద వేయుట ప్రమాదము. నడక, ఎత్తు, బండి ఆకారము నమ్మదగినవి.

రికార్డరును టీవీ ప్రక్కన పెట్టక అటక మీద దాచవలెను. గడియారము సరిగా ఉన్నదో లేదో నెలకొకసారి చూడవలెను. దొంగతనము జరిగిన, పాత బొమ్మలపై కొత్తవి పడక ముందే కాపీ తీసి, అసలు పెట్టెను కదల్పక పోలీసులకు చెప్పవలెను. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, ఇట్టి కాపీతో పాటు ధ్రువపత్రము ఉండవలెను. కొన్ననాడే రహస్యపదమును మార్చుట మరువరాదు.

కెమెరా మరుగున ఉన్నది కనుక ఇంకొక జాగ్రత్త ఎక్కువగా అవసరము. పొరుగువారి దొడ్డి, స్నానపు దడి, వీధి కుళాయి దాని చూపులో పడరాదు. మిరప కోతలకు కర్నూలు వైపు నుండి వచ్చి కల్లముల వద్దనే గుడారములు వేసికొను ఆడకూలీల చోటు అసలే పడరాదు. స్త్రీల ఏకాంతమును చిత్రించుట భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరము. మొదటి తప్పునకే ఒకటి నుండి మూడేండ్ల వరకు శిక్ష కలదు. తెలియక పడినదను మాటను నమ్ముకొనరాదు. గుడారములు వేసిన నాడే ఫోనులో కెమెరా చూపును తెరచి, ఆ వైపు కనబడిన యెడల కుండను త్రిప్పి బిగించుడు. ఆ త్రిప్పుటలో మీ కల్లము మూల కొంత వదలి పోయినను, అక్కడ మంచము వేసికొనుటయే మార్గము.