వెండి నాణెములు

ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములలోను, కొల్లేటి చుట్టునుగల పల్లెలలోను కొందరి ఇండ్లలో పాత పెట్టెల అడుగున వెండి రూపాయలు నేటికిని కానవచ్చును. డబ్బు అవసరమైనపుడు వానిని కంసాలికిచ్చి కరిగించుటయు కలదు. అట్లు కరిగించుటకు ముందు వాని చరిత్ర తెలిసికొనుట మంచిది.

1835వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీవారు తమ యేలుబడిలోని ప్రాంతములన్నిటికిని ఒకే విధమగు రూపాయిని ప్రవేశపెట్టిరి. దాని తూకము 180 గ్రెయినులు. అదియే నాటి తులము. అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. తొలుత దానిపై నాలుగవ విలియము రాజు బొమ్మయు, 1840 నుండి విక్టోరియా రాణి బొమ్మయు ఉండెను. 1877 నుండి ‘రాణి’ అను బిరుదునకు మారుగా ‘చక్రవర్తిని’ అను బిరుదు చెక్కబడెను. కాబట్టి నాణెము చిన్న శాసనము వంటిది.

ఈ రూపాయి కథలో అమెరికా వెండికి కూడ పాత్ర కలదు. ఆ దేశమున 1878 మొదలు 1904 వరకు మోర్గన్ అను శిల్పి రూపొందించిన వెండి డాలర్లు కోట్లకొలది ముద్రితమై, పెక్కు ఖజానాలలోనే నిలిచిపోయెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున మన దేశములో వెండికి కొరత యేర్పడెను. ప్రజలు కాగితపు నోట్లను నమ్మక, వానికి బదులు వెండి రూపాయలనే కోరుచుండిరి. అందుచే 1918లో అమెరికావారు పిట్మన్ చట్టము చేసి, 27 కోట్లకు పైగా డాలర్లను కరిగించిరి. అందు అధికభాగము ఇంగ్లాండు కొని, రూపాయల ముద్రణకై భారతదేశమునకు పంపెను. మన తాతల నాటి రూపాయిలో అమెరికా డాలరు వెండి కలసియుండవచ్చును!

ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని కరిగిపోయెనో నాడు లెక్క వ్రాసియుంచలేదు. అందుచే, ఎన్ని ముద్రించిరో తెలిసినను, ఎన్ని మిగిలెనో తెలియదు. పాతదైనంత మాత్రమున నాణెము అరుదైనది కాదు. మిగిలినవి కొలదియైననే అరుదగును.

నాణెములను సేకరించు బాలురు కొన్ని నియమములు పాటింపవలెను. చింతపండుతోగాని బూడిదతోగాని వానిని తోమరాదు; తోమినచో అక్షరములు అరిగిపోవును. అంచులు మాత్రమే పట్టుకొనవలెను. నాణెము ఎవరి యింట, ఎట్లు లభించెనో వ్రాసియుంచవలెను. ఏలూరునకు చేరువనున్న పెదవేగి ప్రాచీన వేంగీ రాజధాని. అట్టి చోట్ల నేలలో నిధి దొరకినచో దాచుకొనరాదు. 1878 నాటి నిధి చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపవలెను.

కరిగించిన రూపాయివలన తులమునకు కొంచెము తక్కువ వెండి లభించును. దానిపైనున్న వ్రాత మాత్రము తిరిగి లభింపదు.